బడి తాళంచెవి ఊళ్లో ఎవరి దగ్గర ఉంది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు "పాఠశాల - గ్రామ సమాజం" అనే విషయం ఇచ్చారు. ఉపాధ్యాయ సోదరులు ఇంతమంది ఉండగా నన్ను మాట్లాడమనటం ఏమిటండీ అని అడిగాను. "మీరు ముప్ఫయ్యేళ్లు బడుల ఫైళ్లు చూశారు కదా, అది చాలు" అన్నారు. నిజమే. నేను ఏ పిల్లవాడికీ ఒక్క అక్షరం నేర్పలేదు. పంచాయతీ సమితిలో ఎల్.డి.సి.గా చేరాను. సమితులు పోయి మండలాలు వచ్చాయి, మా హోదాలకు జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు అని పేర్లు మారాయి. జనం నోట్లో మాత్రం మేం గుమాస్తాలమే. 2008లో రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్నది విద్యా సెక్షను. అయ్యవార్ల జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, పాకబడుల మరమ్మతు ఎస్టిమేట్లు, సుద్దముక్కల పెట్టెల ఇండెంట్లు. బడిని నేను కాగితాల్లోంచి చూసినవాణ్ణి. ఆ చూపుతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఒక తాళంచెవి సంగతి చెబుతాను.

1990 మే 9న మన కృష్ణ ముఖద్వారం దగ్గర తుపాను తీరం దాటింది. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు పదమూడేళ్ల ముందు, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడి ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మంది వరకు పోయారు. ఆ భయం ఇంకా జనం ఒంట్లోనే ఉంది. 1990లో గాలి మొదలయ్యేసరికే జనాన్ని తరలించమని ఉత్తర్వులు వచ్చాయి. నాకూ తుపాను డ్యూటీ వేశారు. జీపులో మా పార్టీ సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ఊరికి వెళ్లింది. ఊరి పేరు అక్కరలేదు. అక్కడ ఉప్పెన తరవాత కట్టిన తుపాను షెల్టరు ఉంది. స్తంభాల మీద నిలబెట్టిన మేడ. మామూలు రోజుల్లో అందులోనే ఎలిమెంటరీ స్కూలు నడుస్తుంది.

మేం వెళ్లేసరికి జనం మూటలతో, పిల్లలతో, మేకలతో మెట్ల కింద నిలబడి ఉన్నారు. పైన తలుపుకు తాళం. వేసవి సెలవులు కదా, హెడ్మాస్టరుగారు సొంత ఊరు వెళ్లిపోయారు. మా ఆఫీసరుగారు "బద్దలు కొట్టండయ్యా" అంటున్నారు. గునపం కోసం ఎవరో పరుగెత్తారు. ఇంతలో ఒక ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

"ఇదుగో బాబూ తాళం. పంతులుగారు నాకిచ్చే వెళ్లారు. బద్దలుకొడితే రేపు బడికి తలుపెవరు పెట్టిస్తారు?" అంది.

ఆవిడ ఆ బడి ఊడ్చి, కుండల్లో నీళ్లు పోసే మనిషి. నెలకు ఆవిడకు ఇచ్చేది ఎంతో నాకు తెలుసు, ఆ బిల్లు రాసేది నేనే కాబట్టి. ఆ అంకె ఇక్కడ చెప్పటానికి సిగ్గేస్తుంది. తరవాత విచారిస్తే తెలిసింది. ఆ హెడ్మాస్టరుగారు ఏటా ఆఖరి పనిదినాన ఊరి పెద్దలు ఇద్దరిని పిలిచి, వాళ్ల ఎదుట తాళంచెవులు ఆవిడకు అప్పగించి, పుస్తకంలో రాయించేవారట. తాళంచెవులు రెండు, గంట ఒకటి, కుండలు మూడు, కుర్చీ ఒకటి. కింద ఇద్దరి సంతకాలు, ఆవిడ వేలిముద్ర. అలా చెయ్యమని ఏ సర్క్యులరూ లేదు. ఉంటే నా బల్ల మీంచే పోయేది.

ఆ రాత్రి ఆ మేడ మీద ఎంతమంది ఉన్నారో లెక్క రాసుకోలేదు. కూర్చోటానికి చోటు లేదు, నిలబడ్డాం. తెల్లారి దిగాం.

అలాంటి షెల్టరే మరొక ఊళ్లోనూ ఉండేది. అక్కడ బడి పెట్టలేదు. తుపాను కోసమని కట్టారు, తుపాను కోసమే ఉంచారు. మూడేళ్లు తిరిగేసరికి కిటికీ రెక్కలు పోయాయి, తలుపులు పోయాయి, మెట్ల మీద మేకలు. 1990లో ఆ ఊరివాళ్లు దాన్ని నమ్మలేక వేరేచోటికి వెళ్లారు. రోజూ మనుషులు మసిలే కట్టడమే నిలుస్తుంది. బడి ఉంది గనక మొదటి ఊళ్లో కప్పు కారితే ఎవరో ఒకరు అడిగారు. తుపానుకు పనికొస్తుంది గనక పిల్లలు లేనివాళ్లు కూడా ఆ కప్పు సంగతి పట్టించుకున్నారు. బడికీ ఊరికీ సంబంధం అని పెద్ద మాటలు అంటూంటాం కానీ, నాకు ఆ మాట వింటే ఆ కొంగు ముడే కనపడుతుంది.

మన డెల్టాకు ఇది కొత్తేమీ కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్లు పారిన తరవాత ఇక్కడ గింజ మిగిలింది. మిగిలిన గింజలో కొంత బడికి వెళ్లింది. కొప్పల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను పెట్టారంటే జనం ఇచ్చిన చందాల మీదే. చదువుతోపాటు నేత, వడ్రంగం నేర్పారక్కడ. 1935లో పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చదివేవాడు పుస్తకం దగ్గరకు రాకపోతే పుస్తకమే పడవెక్కి వెళ్లింది. గుడివాడలో 1950లో మొదలైన కాలేజీ అక్కినేని నాగేశ్వరరావుగారి విరాళంతో ఆయన పేరు తెచ్చుకుంది. బెజవాడలో 1975లో కొందరు కలిసి సిద్ధార్థ అకాడమీ పెట్టారు. ఇవి పుస్తకాలకెక్కిన పేర్లు. పేరు లేని ఎలిమెంటరీ స్కూళ్లు ఎన్నో! తాటాకు ఒకరిది, వాసం ఒకరిది, అయ్యవారి భోజనం వారానికొక ఇంట్లో. కుప్పనూర్పిళ్ల రోజుల్లో బస్తాకు ఇంతని పక్కన పెట్టిన ఊళ్లున్నాయి.

మరి ఎక్కడ తెగింది? 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి ఎలిమెంటరీ స్కూళ్లు సమితికి, హైస్కూళ్లు పరిషత్తుకు చేరాయి. అయ్యవారికి జీతం సక్రమంగా అందటం మొదలైంది. అది చిన్న మేలు కాదు, ఇంటింటా భోంచేసే అయ్యవారి అవస్థ అయ్యవారికే తెలుసు. కానీ అప్పట్నించి ఊరు "అది సర్కారు బడి" అనటం నేర్చుకుంది. మేం ఆఫీసులో "అది మా బడి" అనటం నేర్చుకున్నాం. మా అన్నమాట రిజిస్టర్లలో ఉండేది. బడి దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లో "ఈ వయసులో ఎందుకండీ" అన్నారు. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు?

1979 ప్రాంతం. నాకు ముప్ఫయ్యేళ్లు నిండలేదు. ఒక ఊళ్లో బడి పక్కనే ఒక రైతుకు ముప్ఫై సెంట్ల జాగా ఉంది. పిల్లలు ఆడుకోటానికి ఇస్తానన్నాడు. తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, హెడ్మాస్టరు ద్వారా ఆఫీసుకు పంపించాడు. కాగితం నా బల్ల మీదకు వచ్చింది. "నిబంధనల ప్రకారం లేదు, తిప్పి పంపవచ్చును" అని నోటు రాశాను. ఆ నిబంధన ఏమిటో రాయలేదు. మళ్లీ వచ్చింది. ఈసారి సర్వే నంబరు లేదని తిప్పాను. మూడోసారి కరణంగారి ధ్రువీకరణ లేదని తిప్పాను. మూడు ఆబ్జెక్షన్లూ ఒకేసారి రాయవచ్చునని అప్పట్లో నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది. విడివిడిగా రాయటమే ఆఫీసు తెలివి అనుకునే రోజులవి.

నాలుగోసారి ఆయనే బస్సెక్కి వచ్చాడు. పంచె మోకాళ్లదాకా ఎగగట్టి, చేతిలో గొడుగు. "ఏం బాబూ, ఇచ్చేవాణ్ణి నేనిస్తానంటుంటే, పుచ్చుకోటానికి మీకింత కష్టమేమిటి?" అన్నాడు. కోపం కూడా లేదు ఆయన గొంతులో. నేను "కూర్చోండి పెద్దాయనా" అని కూడా అనలేదు. సూపరింటెండెంటుగారు సెలవులో ఉన్నారు, వచ్చే వారం రండి అన్నాను.

వచ్చే వారం ఆయన రాలేదు. ఆ ఏడాది చలికాలంలో పోయాడని తెలిసింది. కొడుకులు పంచుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, కాగితం ప్రకారం అది వాళ్లదే. చాలా ఏళ్ల తరవాత ఒక పెళ్లికి ఆ ఊరు వెళ్లాను. ఆ ముప్ఫై సెంట్లలో ఇళ్లు లేచాయి. బడి పిల్లలు రోడ్డు పక్కన వరసగా నిలబడి డ్రిల్లు చేస్తున్నారు. మట్టి ట్రాక్టరు వచ్చినప్పుడల్లా అయ్యవారు ఈల వేసి వాళ్లను పక్కకు జరుపుతున్నారు. నేను పెళ్లి భోజనం చెయ్యకుండానే వచ్చేశాను.

ఆ రోజు నేను రాయవలసింది రెండు వాక్యాలు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానం ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, దాత సంతకం ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి. తెల్లకాగితం చెల్లదు. దానికి ముందు సెక్షను ఇంకొకటి చెబుతుంది. పుచ్చుకునేవారు దాత బతికుండగానే పుచ్చుకోవాలి. పుచ్చుకోకముందే ఇచ్చేవాడు పోతే ఆ దానం లేనట్టే. ఈ రెండూ ఆ పెద్దాయనకు చెప్పి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు దారి చూపిస్తే సరిపోయేది.

మీ ఊళ్లోనూ "మా తాతగారు బడికి స్థలం ఇచ్చారు" అనే మాట ఉంటే దయచేసి ఒకసారి దస్తావేజు ఉందో లేదో చూడండి. ఆ స్థలం రికార్డుల్లో ఎవరి పేర ఉందో చూడండి. ఇచ్చినవారు జీవించి ఉంటే, బడి ఏ యాజమాన్యంలో ఉందో వారి పేర ఇప్పుడే రిజిస్టరు చేయించండి. మన సంఘంలో రెవిన్యూలో, రిజిస్ట్రేషన్లలో పనిచేసినవారు ఉన్నారు. వాళ్లకిది అరపూట పని.

చట్టాల సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో 1997లో కాలువల మీద రైతులకే పెత్తనం ఇస్తూ నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది, 1998లో, బడుల్లో ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేసి, తల్లిదండ్రులతో స్కూలు కమిటీలు పెట్టారు. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. కాలువ పూడిక ఎక్కడుందో దాని నీళ్లు పారే రైతుకు తెలుస్తుంది, బడిలో లోటెక్కడుందో బిడ్డను పంపే తల్లికి తెలుస్తుంది. ఆపైన 2009 విద్యాహక్కు చట్టం వచ్చి దేశమంతటా ఎనిమిదో తరగతి వరకు ఉన్న బడులకు యాజమాన్య కమిటీ ఉండాలంది. నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయటం, గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం వాళ్ల పని. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనులు కూడా ఈ తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. కమిటీలకు మళ్లీ 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఏ ప్రభుత్వం చేసిందనే మాట ఇక్కడ నేను ఎత్తను, మన సంఘంలో అన్ని రంగులవారూ ఉన్నారు.

అయితే ఆగస్టు అంటే మన డెల్టాలో నాట్ల రోజులు. కమిటీలో సభ్యురాలైన తల్లి కూలి మానుకుని మీటింగుకు రావాలి. పగలు పదకొండు గంటలకు మీటింగు పెట్టి, సంతకాల పుస్తకం పొలం గట్టుకు పంపించి వేలిముద్రలు వేయించుకున్న బాపతు నా సర్వీసులో చూశాను. పైకి చూస్తే కోరం నిండింది. సాయంకాలం ఆరింటికి, దీపాలు పెట్టే వేళకు పెడితే ఆవిడ వస్తుంది. వచ్చినా మాట్లాడదు అంటారు కొందరు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉడికిందా లేదా, మరుగుదొడ్డికి నీళ్లున్నాయా లేదా అడిగి చూడండి. మాట్లాడుతుంది.

ఇంకొక చిక్కుంది. కమిటీలో ఉండవలసిన చదువుకున్న కుటుంబాల పిల్లలు ఆ బడిలో లేరు. పొద్దున్నే ఊరి మొగదలకు పసుపుపచ్చ బస్సు వస్తుంది, పిల్లల్ని ఎక్కించుకుని పట్నం పోతుంది. మన మనుమలూ అందులోనే ఉన్నారు, నా మనుమరాలితో సహా. దానికి నేను ఎవర్నీ తప్పుపట్టను. 2022లో 117వ నంబరు జి.ఒ. వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల దగ్గరి హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ జి.ఒ.ను పక్కన పెట్టారు. ఆ మధ్యకాలంలో కొన్ని ఊళ్లలో బడి అంటే ఒక గది, ఒక అయ్యవారు, పదిమంది పసిపిల్లలు. బడిలో పిల్లలు తగ్గితే ఊరు తొంగిచూడటం తగ్గుతుంది. ఊరు చూడటం తగ్గితే పిల్లలు ఇంకా తగ్గుతారు. మనం బతికే ఉన్నామని ఏడాదికోసారి ట్రెజరీకి కాగితం ఇచ్చుకుంటాం కదా! మన ఊరి బడి బతికే ఉందో లేదో ఏడాదికోసారన్నా వెళ్లి చూసేవాడు లేడు.

డబ్బిమ్మని నేను అడగటం లేదు. డి.ఎ. బకాయిల మాటెత్తితే ఈ సభ రేపు తెల్లారేదాకా సాగుతుంది. మనకు తెలిసిన పని వేరే ఉంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన సంగతి మీకు చెప్పనక్కరలేదు, మనలో కొందరు మేడల మీద రోజుల తరబడి గడిపారు. నీళ్లు తీశాక, ఆ ప్రాంతంలో ఒక బడి హెడ్మాస్టరుగారు నాకు తెలిసినవారు, ఫోను చేశారు. "పిల్లలకు కొత్త పుస్తకాలు వస్తాయండీ. అడ్మిషన్ రిజిస్టర్లు ఎక్కణ్ణించి తెచ్చేది?" అన్నారు. నాకు గుండె జారింది. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పుట్టినతేదీ ఎక్కణ్ణించి వచ్చింది? బడి రికార్డులోంచే. మన పింఛను లెక్కంతా ఆ గీత మీద నిలబడింది. ఇప్పటి పిల్లల వివరాలు కంప్యూటర్లలో ఉన్నాయి. ఇరవై, ముప్ఫయ్యేళ్ల కిందట చదివి, ఇప్పుడు సర్టిఫికెట్టు కోసం వచ్చేవాడి వివరం ఆ తడిసిన పుస్తకంలోనే ఉంది.

నలుగురం వెళ్లాం. అందరం డెబ్బై దాటినవాళ్లమే. పేజీకీ పేజీకీ మధ్య పాత దినపత్రికలు పెట్టి, ఫ్యాన్ల కింద పరిచి, రోజుకు రెండుసార్లు కాగితం మార్చాం. బురద వాసన. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, పాత సిరా కొన్నిచోట్ల చెదిరింది. ఒకరు భూతద్దంతో చదివేవారు, ఒకరు రాసేవారు, ఒకరు సరిచూసేవారు. చదవలేని చోట ఊహించి రాయకూడదని మొదటిరోజే నియమం పెట్టుకున్నాం. ఆ గడి ఖాళీ వదిలి, పక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టాం. ప్రతి పేజీ కింద హెడ్మాస్టరుగారు సరిచూసి సంతకం చేశారు. పాత పుస్తకాలు పారేయలేదు, గుడ్డలో కట్టి బీరువా పై అరలో పెట్టించాం. ఇరవై రోజులు పట్టింది.

రెండోవారంలో ఒకాయన మధ్యాహ్నం పూట లోపలికి వచ్చాడు. ఆటో నడుపుకుంటాడట. "ఇక్కడేం చేస్తున్నారండీ?" అని అడిగాడు. చెప్పాం. తన పేరు ఉందేమో చూడమన్నాడు. వెతికితే దొరికింది, తండ్రి పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ అన్నీ. కాసేపు ఆ గీత మీద వేలు పెట్టి నిలబడ్డాడు. మర్నాడు తనంతట తనే ఇద్దరు స్నేహితుల్ని తీసుకొచ్చి, తరగతి గదుల్లో బురద కడిగాడు. ఆ పనికి మేం పిలవలేదు, హెడ్మాస్టరుగారూ పిలవలేదు.

కాబట్టి నా మనవి ఇది. ఈ ఎన్టీఆర్ జిల్లాలోనూ, కృష్ణా జిల్లాలోనూ (2022లో విడదీశారు గానీ నా నోటికి ఇంకా రెండూ ఒకటే జిల్లా) ఎవరికి దగ్గరగా ఉన్న బడికి వారు నెలకొక పూట వెళ్దాం. ముందుగా హెడ్మాస్టరుగారిని అడిగి వెళ్దాం, తనిఖీకి వచ్చినట్టు వెళ్లవద్దు. రికార్డులు రాయటం, కమిటీ లెక్క పుస్తకం సరిచూడటం, స్థలం దస్తావేజు వెతకటం, కమిటీలో ఉన్న తల్లులకు కాగితం చదివి వినిపించటం, ఇవి మనకు చేతనైన పనులు. రిటైరైన అయ్యవార్లయితే రెండు పాఠాలు చెబుతారు, అది వారి ఇష్టం.

బయట వరండాలో, మంచినీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద అట్ట వేసిన నోటుబుక్కు పెట్టించాను. పేరు, బడి ఉన్న ఊరు, ఏ వారం వీలవుతుందో రాయండి. మొదటి గీతలో నా పేరు, పక్కన ఆ రోడ్డు మీద డ్రిల్లు చేసే పిల్లల ఊరు పేరు రాశాను. ఆ ఊరికి పొద్దున ఆరున్నర బస్సుంది. నా కళ్లు ఇప్పుడు అంత బాగా లేవు, తోడు ఎవరైనా వస్తే రెండో గీత ఖాళీగానే ఉంది.